ఓరాక్ పేర్ల పట్టిక రివ్యూ: కడపలో కూర్చొని అసీరియా పేర్లు విప్పాలంటే

2005 దాకా ఇంగ్లిషు కాగితాల్లో కడప పేరు సీతో మొదలై, నడుమ రెండు డీలతో, చివర ఊరికే ఒక హెచ్‌తో ఉండేది. ఆ స్పెల్లింగు మాత్రమే చేతికిచ్చి ఊరి పేరుకు మూలం కనుక్కోమంటే ఎవరైనా ఆ జంట డీ దగ్గరే ఆగిపోతారు. డీ రెండుసార్లు పడటానికి కారణం మన ఊళ్లో దొరకదు, రాసుకున్న కుంపిణీ గుమాస్తా అలవాటులో దొరుకుతుంది. తిరుమలకు గడప కాబట్టి కడప అయిందనేవాళ్లు కూడా కకారం, గకారం ఒకదానికొకటి మారతాయనే నమ్మకం మీదే నిలబడతారు. ఆ మాట నిజమో కాదో పక్కన పెడితే, అది కనీసం తెలుగు నోట్లో జరిగే మార్పు. స్పెల్లింగులో ఉన్న జంట డీ అయితే ఏ తెలుగు నోట్లోనూ లేదు.

రెండువేల ఏడువందల ఏళ్ల కిందటి అసీరియా (ఇప్పటి ఉత్తర ఇరాక్‌లో ఉన్న రాజ్యం) పేర్లలో అక్షరాల పోకడ చూసి మూలాలు వెతుకుదాం అనుకునేవాళ్లకు కావలసింది రాతనూ పలుకునూ విడదీసి చూపించే పనిముట్టు. ఓరాక్ ఆ పని చేస్తుంది. డబ్బు అడగదు. ఓపిక మాత్రం గట్టిగా అడుగుతుంది.

ఓరాక్ అంటే క్యూనిఫారం, అంటే తడి మట్టి పలక మీద మేకు ముద్రలతో రాసిన లిపి, అందులోని పాఠాలను మాట మాటకూ వివరణతో పెట్టిన ఉచిత వెబ్‌సైటు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం సర్వరు మీద నడుస్తుంది. ఒకే పుస్తకంలా ఉండదు. చాలా ప్రాజెక్టులు పక్కపక్కన దుకాణాలు తెరుచుకున్న సంతలా ఉంటుంది. అసీరియా పేర్ల కోసం వెళ్లేవాళ్లకు నాలుగు చాలు: రాజుల శాసనాలకు ఆర్‌ఐఏఓ, అందులోనూ క్రీ.పూ. 744 నుంచి 609 వరకు రాజ్యమేలినవాళ్ల శాసనాలకు రినాప్, రాజభవనానికి వచ్చిన ఉత్తరాలు, జ్యోతిష్కుల నివేదికలు, దస్తావేజులకు ఎస్‌ఏఏఓ, మామూలు జనం అప్పు పత్రాలు, అమ్మకం పత్రాలకు ఏటీఏఈ. మూలాలు వెతికేవాళ్లు రాజుల దగ్గరే తిరుగుతుంటారు. అసలు సరుకు చివరి రెండింటిలో ఉంది. ఒక పొలం అమ్మకం పత్రంలో అమ్మినవాడు, కొన్నవాడు, ఎల్లలవాళ్లు, సాక్షులు అందరూ పేరు పేరునా కనబడతారు, మన రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితాల్లో లాగే.

మొదలుపెట్టే ముందు ఒక లెక్క. ఫోన్లలో తిరిగే ‘మీ పేరు మూలం’ రిపోర్టులు చాలామటుకు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి: పేరులో అచ్చులు తీసేస్తాయి, మిగిలిన హల్లులను ఏదో పాత భాష హల్లులతో కలుపుతాయి. క, గ ఒకటే అనుకో, ప, బ, వ ఒకటే అనుకో, త, ద ఒకటే, స, శ, ష, జ ఒకటే అనుకుంటూ పోతే మిగిలేవి పది గుంపులు. మూడు హల్లుల పేరుకు పది పదులు పదులు, వెయ్యి గళ్లు. ఏ భాషకైనా వేలల్లో మాటలుంటాయి. కాబట్టి ఒక్కో గడిలో సగటున నాలుగైదు మాటలు పడే ఉంటాయి. మీ పేరు ఏదైనా సరే, కలిసే మాట దొరక్కపోతేనే వింత. దీనికి డబ్బు కట్టడం ఎందుకో అర్థం కాదు.

ఓరాక్‌లో పద్ధతి వేరు. ప్రాజెక్టు తెరిచాక అక్కాడియన్ (అసీరియా, బాబిలోనియా వాళ్ల భాష) పదకోశం పక్కనే పేర్లకు ప్రత్యేకంగా ఇంకో పదకోశం ఉంటుంది, అది తెరవాలి. ప్రతి పేరు వెనుకా రెండక్షరాల గుర్తు ఉంటుంది. పీఎన్ అంటే మనిషి పేరు, ఆర్‌ఎన్ రాజు, డీఎన్ దేవుడు, ఎస్‌ఎన్ ఊరు, జీఎన్ దేశం, టీఎన్ గుడి, డబ్ల్యూఎన్ నది. పేరు మీద నొక్కితే ఆ పేరును లేఖకులు ఎన్ని రకాలుగా రాశారో, ఒక్కో రకం ఎన్నిసార్లు వచ్చిందో వస్తుంది. ఆ సంఖ్య మీద నొక్కితే అది వచ్చిన పంక్తులు వరుసగా తెరుచుకుంటాయి. వెతికే గడిలో ష్ కావాలంటే ఎస్, జెడ్ కలిపి కొట్టాలి. కింద చుక్క ఉన్న ఎస్ కావాలంటే ఎస్ తర్వాత కామా. ఈ ఒక్కటి తెలియక చాలామంది ‘ఏమీ దొరకలేదు’ అనే పేజీ చూసి వెనక్కి తిరుగుతారు.

లిప్యంతరీకరణ, అంటే మేకు గుర్తులను ఇంగ్లిషు అక్షరాల్లోకి మార్చిన పాఠం, చదవడంలో మూడు సంగతులు ముందే ఒంటబట్టించుకోవాలి. చిన్నక్షరాల్లో ఉన్నది శబ్దం. పెద్దక్షరాల్లో ఉన్నది సుమేరియన్ అనే ఇంకా పాత భాష నుంచి అరువు తెచ్చుకున్న భావచిహ్నం, రాసింది ఒకటి, పలికేది మరొకటి. చతురస్ర బ్రాకెట్‌లో ఉన్నది పలక విరిగి పోయిన చోటు, అక్కడున్న అక్షరాలు సంపాదకుడు పూరించినవి. కలమళ్ల శాసనం పాఠం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడా పోయిన అక్షరాల జాగాను జాగాగానే చూపిస్తారు. అక్షరాల పోకడ లెక్క వేసేటప్పుడు బ్రాకెట్ లోపలి అక్షరాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోకూడదు. తీసుకుంటే మీరు కొలిచేది అసీరియా లేఖకుణ్ని కాదు, ఇప్పటి ప్రొఫెసరును.

ఒక పేరును దగ్గరగా చూద్దాం. తెలుగు బైబిల్లో సన్హెరీబు అని ఉన్న అసీరియా రాజు. ఓరాక్‌లో ఈయన పేరుకు కనిపించే ఒక రాత ఇలా ఉంటుంది: ముందు ఒక నిలువు మేకు. అది ‘మగమనిషి పేరు వస్తోంది’ అనే గుర్తు, పలకరు. తర్వాత దైవచిహ్నం, అదీ పలకరు. తర్వాత 30 అనే అంకె. తర్వాత పాప్ అనే గుర్తు. తర్వాత మెష్, బహువచనం. చివర సు. చదివేది మాత్రం సిన్-అహ్హే-ఎరీబ అని. నెలకు ముప్పై రోజులు కాబట్టి 30 అంటే చంద్రదేవుడు సిన్. పాప్, మెష్ కలిస్తే అహ్హే, సోదరులు. సు అంటే ఎరీబ, బదులుగా ఇచ్చాడు. ఆరు గుర్తులు, అందులో ఒక్కటి కూడా శబ్దాన్ని రాసింది కాదు. ఈ రాతలో హల్లుల పోకడ వెతకడం, ఆటో వెనక ఉన్న 786లో హల్లులు వెతకడం లాంటిదే. (786 వెనక అక్షరాల విలువల కూడిక ఉంది, 30 వెనక నెల ఉంది. లెక్కలు వేరు, కానీ రెండూ అంకె వేషంలో ఉన్న దైవనామాలే.) ఇదే తీరున 20 అంటే సూర్యదేవుడు షమష్, 15 అంటే ఇష్తార్, 10 అంటే వానదేవుడు అదద్. 20 మళ్లీ ‘రాజు’ అని కూడా అవుతుంది, అక్కడ జాగ్రత్త.

మరి పలుకు ఎలా తెలిసింది? వేరే లేఖకులు అవే పేర్లను అక్షరాలుగా విప్పి రాసిన చోట్ల నుంచి, హీబ్రూ, అరామిక్, గ్రీకు వాళ్లు తమ చెవులకు వినబడినట్టు రాసుకున్న రూపాల నుంచి. హెరొడోటస్ ఈయన్ను సనఖరిబోస్ అన్నాడు. ఓరాక్‌లో ఒక పేరుకు ఉన్న రాతలన్నీ ఒకే చోట పెట్టడం వల్ల లాభం ఇదే. భావచిహ్నాలతో రాసిన రూపం పక్కనే, ఎక్కడో ఒక చిన్న ఊరి లేఖకుడు శబ్దంగా విప్పి రాసిన రూపం దొరుకుతుంది. అది ఒక్కసారే వచ్చినా సరే, మూలాలు వెతికేవాడికి విలువైనది అదే.

పేరు అర్థం కూడా చూడండి. పోయిన సోదరులకు బదులుగా దేవుడు ఇచ్చిన బిడ్డ. మన పల్లెల్లో బిడ్డలు దక్కని ఇంట్లో పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుకున్న తల్లిదండ్రులకు ఈ పేరు ఎందుకు పెట్టారో ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. బాబిలోనియాలో ‘ష-పీ-కల్బి’ అనే పేరు ఉండేది, కుక్క నోటి నుంచి వచ్చినవాడు అని. పోలిక చూడముచ్చటగా ఉంది. దీన్నుంచి చుట్టరికం మాత్రం తేలదు. బిడ్డల్ని పోగొట్టుకున్న భయం ఎక్కడైనా ఒకటే.

పాప్ గుర్తు దగ్గర చాలామంది కాలు జారుతుంది. ఇంకో అసీరియా రాజు ఏసర్హద్దోను అసలు పేరు అష్షూర్-అహు-ఇద్దిన, ‘అష్షూర్ దేవుడు సోదరుణ్ని ఇచ్చాడు’. ఇందులో నడుమ పాప్ వస్తుంది, అర్థం ‘సోదరుడు’. నబూ-షర్రు-ఉత్సుర్ అనే ఉద్యోగి పేరులో అదే గుర్తు చివర వస్తుంది, అక్కడ అర్థం ‘కాపాడు’: నబూ దేవా, రాజును కాపాడు. గీత ఒకటే, చోటు మారితే మాట మారింది. కొందరు సంపాదకులు దాన్ని పాప్ అని, కొందరు పాబ్ అని రాస్తారు కాబట్టి వెతికేటప్పుడు రెండూ కొట్టాలి. కొన్ని ప్రాజెక్టుల్లో పేరు ముక్కల మధ్య మామూలు అడ్డగీత బదులు పొడుగు గీత ఉంటుంది, అది అతికించకపోతే ఫలితం సున్నా. ఇంకో మాట: ‘రాజును కాపాడు’ తరహా పేర్లు కొలువులో ఉన్నవాళ్లకు ఎక్కువ. తల్లి పెట్టిన పేరు కాక, పదవితో వచ్చిన పేరు కావచ్చు. అలాంటి పేరు పట్టుకుని పుట్టిల్లు వెతకడం దండగ.

భావచిహ్నం చివర తోక అక్షరం ఉంటే పని సులువు. ఏసర్హద్దోను పేరు చివర ‘ఇవ్వడం’ అనే గుర్తు పెట్టి, దాని పక్కన ‘న’ అని చేర్చిన రాతలున్నాయి. ఆ ‘న’ విడిగా పలికేది కాదు, ‘ఇద్దిన అని చదువు’ అనే సైగ. మనం 5వ అని రాసి అయిదవ అని చదువుతాం కదా, అంతే. ఇది తెలియని మర ఆ ‘న’ను ఇంకో హల్లుగా లెక్కేసి కొత్త మూలం పుట్టిస్తుంది.

మరలే కాదు, మహా పండితులూ ఇక్కడ పడ్డారు. నీనెవెలో దొరికిన పలకల్లో ఒక వీరుడి పేరును 19వ శతాబ్దంలో గుర్తుకు గుర్తు శబ్దంగా చదివి ‘ఇజ్దుబార్’ అన్నారు. 1890లో పించెస్ అనే ఆయన అసలు పలుకు చూపించాడు. ఇజ్దుబార్ అంటే గిల్గమేష్. రెండు పేర్లలో కలిసే అక్షరాలు ఎన్నో మీరే చూసుకోండి. ఇజ్దుబార్ అనే మాటకు ఆ మధ్య కాలంలో కుదిర్చిన మూలాలన్నీ ఒక్క దెబ్బకు గాలికి పోయాయి.

శబ్దంగా రాసిన రూపం దొరికాక కూడా నాలుగు చోట్ల కాచుకోవాలి. ఒకటి, అక్షరం చివర వచ్చే క, గ, బరువైన క మూడింటికీ క్యూనిఫారంలో గుర్తు ఒకటే. త, ద గుంపుకు, ప, బ జంటకు కూడా అంతే. కాబట్టి ఆ చోటులోని హల్లు ఏదని పందెం కాయకూడదు. రెండు, ష, స తారుమారు. అసీరియాలో ష అని రాసింది స అని వినబడేది. అందుకే బైబిల్లో సర్గోను, ఏసర్హద్దోను అని సకారంతో ఉన్నాయి, రాతలో రెండూ షకారమే. మూడు, నడుమ వచ్చే క నోట్లో గ అయ్యేది. షర్రు-కేన్ సర్గోను అయ్యాడు, తుకుల్తీ-అపిల్-ఎషర్ర తిగ్లత్పిలేసెరు అయ్యాడు. గసడదవాదేశం చదువుకున్నవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. కానీ మన సంధికీ దీనికీ సంబంధం ఉందని ఎవరైనా అంటే నమ్మొద్దు, రెండు అచ్చుల మధ్య పరుషం మెత్తబడటం ఎన్నో భాషల్లో కనబడేదే. నాలుగు, అసీరియా లిపిలో గొంతు లోతు నుంచి వచ్చే పడమటి సెమిటిక్ (హీబ్రూ, అరామిక్ లాంటి భాషల) శబ్దాలకు సరైన గుర్తు లేదు. లేఖకులు వాటికి కరుకైన హకారం వాడేవాళ్లు. ఇశ్రాయేలు రాజు ఒమ్రీ అలా హుమ్రి అయ్యాడు, గాజా పట్టణం హకారంతో మొదలైంది, యూదా రాజు హిజ్కియా హజాకియౌ అయ్యాడు.

ఆ చివరి పేరులోని ‘యౌ’ మీద కాస్త ఆగాలి. అక్షరాల పోకడతో మూలం పట్టుకోవడం నిజంగా పనిచేసే చోటు అది. యెహోవా పేరు చేరిన ఇశ్రాయేలు, యూదా పేర్లు అసీరియా రాతల్లో చాలావరకు ‘యౌ’తో ముగుస్తాయి. పేరుల పట్టికలో ఆ తోక ఉన్నవాటిని ఏరితే, రాజ్యాలు పోయాక అక్కడి మనుషులు అసీరియా కొలువుల్లో, ఊళ్లలో ఎక్కడ తేలారో కొంతవరకు కనబడుతుంది. అదే సూత్రాన్ని తప్పుగా వాడితే ఏమవుతుందో కూడా ఉంది. 1989లో నిమ్రూద్ రాజభవనం కింద రాణుల సమాధులు బయటపడ్డాయి. అందులో ఒక రాణి, రెండో సర్గోను భార్య, పేరు అతలియ. బైబిల్లో అతల్యా రాణి ఉంది కదా, ఈమె కూడా యూదా ఆడపడుచే అని వాదన లేచింది. ఎదురు వాదన చివరి అక్షరాన్ని పట్టుకుంది: యెహోవా పేరైతే ‘యౌ’ ఉండాలి, ఇక్కడ ‘య’తో ఆగింది, అరబ్బు పేరు కూడా కావచ్చు. ఒక్క అచ్చు దగ్గర ఒక రాణి పుట్టిల్లు ఊగుతోంది. ఓరాక్‌లో ‘యౌ’ తోక ఉన్న పేర్లన్నీ పక్కన పెట్టుకుని చూస్తే ఎదురు వాదనలో బలం ఉందనే అనిపిస్తుంది.

ఇంటిపేరు విషయంలో ఇంకా పెద్ద గుంట ఉంది. అసీరియా రాజు మూడో షల్మనేసెరు నల్ల రాతి స్తంభం మీద ఇశ్రాయేలు రాజు యెహూ క్రీ.పూ. 841 నాటి కప్పం కడుతూ కనబడతాడు, ‘హుమ్రి కొడుకు’ అని రాసి ఉంది. బైబిలు ప్రకారం ఒమ్రీ వంశాన్ని తుడిచిపెట్టింది ఈ యెహూనే. అసీరియా వాళ్లకు ఆ దేశమే హుమ్రి ఇల్లు, దాన్ని ఏలేవాడు ఎవడైనా హుమ్రి కొడుకే. రాతలో ఉన్న తండ్రి పేరును వంశవృక్షంలో అతికించే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

పేర్లు మూలాన్ని చెప్పలేనప్పుడు గుడిని చెబుతాయి. మన జిల్లాల్లో పేరు వినగానే ఏ దేవుడి వైపు మొక్కో తెలిసిపోతుంది: మద్దిలేటి అంటే మద్దిలేటి స్వామి, ఓబులేసు అంటే అహోబిలం, కదిరప్ప అంటే కదిరి, ఉరుకుందప్ప అంటే ఉరుకుంద ఈరన్న, పెంచలయ్య అంటే పెంచలకోన. అసీరియాలోనూ అర్బెలా వైపు ఇష్తార్, హర్రాన్ వైపు సిన్ పేర్లకు గిరాకీ. ఏటీఏఈలో ఒక పత్రంలోని సాక్షుల పేర్లన్నీ తీసి దేవుళ్ల వారీగా లెక్కేస్తే ఆ వీధి భక్తి ఎటో తెలుస్తుంది. కానీ భక్తి వేరు, రక్తం వేరు. కడప చుట్టుపక్కల మస్తానయ్యలు, హుస్సేనప్పలు ఎంతమంది లేరు? మస్తాన్ అనే ముక్కను పట్టుకుని ఆ ఇంటి మూలం పారసీకం అని ఎవరైనా తేలిస్తే మనకు నవ్వొస్తుంది. సన్హెరీబు భార్య నకియ పేరు అరామిక్, అదే అర్థంతో అక్కాడియన్‌లో జకూతు అనే పేరూ ఆమెకే ఉంది. రెండు పేర్లున్న ఈ ఒక్క మనిషిని ఏ మర అయినా ఇద్దరుగా లెక్కేస్తుంది.

ఇక ఎక్కువమంది అడిగే పరీక్ష: అసురులు అంటే అష్షూర్ వాళ్లేనా? ఓరాక్‌లో అష్షూర్ పేరు రాతలు తీయండి. పాత కాలంలో ‘అ-షుర్’, తర్వాత ‘అష్-షుర్’, రెండో సర్గోను నాటి నుంచి ‘అన్-షార్’ అనే రాత బాగా ప్రబలింది. ఆ చివరిది శబ్దం కోసం కాదు, తమ దేవుణ్ని బాబిలోనియా సృష్టికథలోని ఆదిదేవుడు అన్షార్‌తో సమానం చేయడానికి. అంటే స్పెల్లింగులో ఉన్నది రాజకీయం. అటు వైపు చూస్తే, అసుర అనే మాటకు పాత ఇరానీ మతగ్రంథం అవెస్తాలో జత అహుర. సప్త హప్త అయినట్టు, సోమ హఓమ అయినట్టు వరుసలో వచ్చే మార్పు. ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీద పారసీక చక్రవర్తి దారియస్ శాసనంలో అహుర దేవుడు అఉరమజ్దా పేరూ ఉంది, అసీరియా దేశం పేరూ ఉంది. దేశానికి వాడిన మాట ‘అథురా’. ఒకే శాసనంలో రెండు మాటలు రెండు దార్లలో ఉన్నాయి. రెండు హల్లులు కలిశాయి తప్ప మార్పుల వరుస కలవలేదు.

కలిస్తే ఎలా ఉంటుందో కూడా చూపించాలి. అసీరియాను కొంతకాలం తన కింద పెట్టుకున్న మితన్నీ రాజ్యం నుంచి వచ్చిన కిక్కులి అనే ఆయన గుర్రాల శిక్షణ మీద చెప్పిన పాఠం అనతోలియాను (ఇప్పటి టర్కీ) ఏలిన హిత్తైట్ల రాజధానిలో దొరికింది. అందులో పరుగు చుట్ల లెక్క: ఐక, తేర, పంజ, సత్త, న. ఏక, త్రి, పంచ, సప్త, నవ. ఒక్క మాట కలవడం వేరు, అంకెల వరుస వరుసంతా కలవడం వేరు. అందులోనూ ‘ఐక’లోని కకారం భారతీయ శాఖకే చెందింది, ఇరానీ శాఖలో అక్కడ వకారం ఉంటుంది. మితన్నీ ఒప్పందంలో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేర్లు కూడా వరుసగా వస్తాయి. మూలం మాట్లాడాలంటే ఇంత సరుకు ఉండాలి. అనతోలియాలో అసీరియా వర్తకుల కాలనీ కనేష్ పలకల్లోనూ ఇలాంటి పోకడ ఉంది. స్థానికుల్లో మగవాళ్ల పేర్లు ‘అహ్షు’తో, ఆడవాళ్ల పేర్లు ‘అహ్షుషర్’తో ముగుస్తాయి, మనకు స్నేహితుడు, స్నేహితురాలు ఉన్నట్టు. ఆ చివరి ‘షర్’ హిత్తైట్ భాషలో స్త్రీవాచక ప్రత్యయం. పేరు మొదలు కాదు, తోక పట్టించింది.

అసీరియా మూలాల గురించి అక్షరాలు చెప్పే మాట వినాలంటే రాజుల జాబితా మొదటి పదిహేడు పేర్లు తీయండి. ‘గుడారాల్లో బతికిన రాజులు’ అని జాబితానే చెబుతుంది. హర్హరు, మందరు. ఇంసు, హర్సు. జుఅబు, నుఅబు. జంటలు జంటలుగా ప్రాస కలుస్తాయి, కంఠతా పట్టడానికి కుదిర్చినట్టు. నడుమ దిదాను, హను అనే పేర్లున్నాయి. ఇవి మనుషుల పేర్ల కంటే ముందు అమోరైట్ (సిరియా వైపు పడమటి సెమిటిక్ జనం) తెగల పేర్లు. హమ్మురాబి వంశం పూర్వీకుల జాబితా పలక 1966లో అచ్చయ్యాక, ఈ పేర్లలో కొన్ని అక్కడా కొంచెం రూపం మారి ఉన్నట్టు తేలింది. అసీరియా, బాబిలోను రెండూ ఒకే గుడారం కథను తమ తమ తాతల కథగా రాసుకున్నాయన్నమాట. మొదటి షంషీ-అదద్ పేరు కూడా ఇటే చూపిస్తుంది. అమోరైట్ నోట్లో ఆయన సంసీ-అద్దు. రాతలోనే ష స అయిన చోట భాష మారింది.

న్యూమరాలజీ అభిమానులకు ఒక బహుమానం: రెండో సర్గోను తన కొత్త రాజధాని దూర్-షర్రుకీన్ గోడ పొడవు పదహారు వేల పైచిలుకు మూరలు అని, అది ‘నా పేరు సంఖ్య’ అని శాసనంలో చెప్పుకున్నాడు. లెక్క ఎలా కట్టాడో అందరూ ఒప్పుకున్న వివరణ లేదు. ప్రయత్నించేవాళ్లు ప్రయత్నించవచ్చు.

ఇబ్బందుల సంగతి. అంతా ఇంగ్లిషే, అర్థాలు కూడా. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో పదకోశం కాబట్టి ఒకే పేరును మూడు నాలుగు చోట్ల విడివిడిగా వెతికి కలుపుకోవాలి. ఫోనులో చదవడం కుదరదని కాదు, రాతలు పోల్చుకోవడానికి తెర చాలదు, ల్యాప్‌టాప్ మేలు. పేర్లన్నీ ఒకేసారి కావాలంటే ప్రాజెక్టు డేటాను జేసన్ ఫైళ్లుగా దింపుకోవచ్చు. జిప్ విప్పితే పేర్ల పదకోశానికి ‘క్యూపీఎన్’ అని పేరున్న ఫైలు ఉంటుంది. అందులో సీఎఫ్ అంటే పేరు ప్రామాణిక రూపం, పీఓఎస్ అంటే పైన చెప్పిన రెండక్షరాల గుర్తు, ఫార్మ్స్ అంటే రాతలు. ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే ష గుర్తులు చెత్తగా మారతాయి, దిగుమతి చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. అయినా ష వెతికితే కొన్ని దొరక్కపోతే, ష కోసం ఎస్ మీద పెట్టే టోపీ గుర్తు విడి అక్షరంగా అతికి ఉందేమో చూడాలి. లెక్కలకు ముందు బ్రాకెట్లు, ప్రశ్నార్థకాలు ఉన్న రూపాలను వేరే షీటుకు తీసేయాలి.

ఒక పేరుకు ఒక వరుస చొప్పున ఆరు నిలువు గళ్లు గీసుకుంటే చాలు: రాసిన రూపం, చదివే రూపం, పలక నంబరు (పీ తర్వాత ఆరంకెలు, కూర్చిన పాఠమైతే క్యూ తర్వాత ఆరంకెలు), దొరికిన ఊరు, కాలం, ఆ మనిషి చేసే పని. కాలం గడి ఖాళీగా ఉన్న వరుసలను పోలికల్లో వాడొద్దు. పేరు ముక్కల అర్థంలో అనుమానం వస్తే హెల్సింకీ నుంచి 1998 మొదలు 2011 దాకా ఆరు భాగాలుగా వచ్చిన కొత్త అసీరియా కాలపు వ్యక్తుల నిఘంటువే తుది మాట. అది అచ్చు పుస్తకం, ఖరీదైనది, పెద్ద విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో అడిగి చూడాలి.

ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. శాసనాల పాఠాలు చదివే అలవాటున్నవాళ్లకు, భాషాశాస్త్రం విద్యార్థులకు గట్టిగా చెప్పొచ్చు. తమ ఇంటిపేరుకు రాజవంశం కావాలనుకునేవాళ్లకు ఇక్కడ దొరికేది ఏమీ లేదు. మొదటిసారి వెళ్లేవాళ్లు సన్హెరీబుతో కాదు, ఏసర్హద్దోనుతో మొదలుపెట్టండి. రాతలు ఎక్కువ, చివర తోక ‘న’ ఉన్నవి కూడా ఉన్నాయి, పాప్ నడుమ ఎలా కూర్చుంటుందో వెంటనే కళ్లకు కడుతుంది.